కరెంటు తరంగం స్వచ్ఛంగా ఉంటేనే మోటారుకు ఆయుష్షు
విద్యుత్ యంత్రాలు, పవర్ ఎలక్ట్రానిక్స్, ప్లాస్మా తరంగాలలో హార్మోనిక్స్ – మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నేపథ్యంలో ప్రత్యేక వ్యాసం

పూర్వపు ఉమ్మడి చిత్తూరు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం పరిసర మండలాలలో వ్యవసాయం ప్రధానంగా బోరుబావుల మీద ఆధారపడి సాగుతున్నది. జీవనదులు లేని ఈ మెట్ట ప్రాంతంలో టమోటా, మల్బరీ, పశుగ్రాసం, కూరగాయల సాగుకు సబ్‌మెర్సిబుల్ మోటారే ప్రాణాధారం. పూత దశలో ఉన్న టమోటా తోటకు కొద్ది రోజులు నీరు అందకపోతే రైతు పెట్టుబడి మొత్తం ప్రమాదంలో పడుతుంది. అందువల్ల ఒక మోటారు కాలిపోవడం, ఒక ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోవడం ఇక్కడ కేవలం సాంకేతిక సమస్య కాదు, కుటుంబ ఆదాయానికి సంబంధించిన విషయం.

మోటారు కాలిపోయినప్పుడు సాధారణంగా లో వోల్టేజి, ఒక ఫేజు పోవడం, బోరులో నీరు లేకుండా మోటారు నడవడం అనే మూడు కారణాలు వినవస్తాయి. ఇవి వాస్తవమైన కారణాలే. అయితే ఓల్టుమీటరులో కనిపించని నాలుగవ కారణం కూడా ఒకటున్నది. అది విద్యుత్ తరంగపు ఆకృతి చెడిపోవడం. ఇంజనీర్లు దీనిని హార్మోనిక్స్ సమస్యగా వ్యవహరిస్తారు. మొదటి మూడు కారణాలకు చేసే చికిత్స ఈ నాలుగవ దానికి పనికిరాకపోవడమే గాక, కొన్ని సందర్భాలలో దానిని తీవ్రతరం చేసే అవకాశం కూడా ఉన్నది. కనుక చికిత్సకు ముందు కొలత అవసరం. ఈ విషయాన్ని పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు సులభంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హార్మోనిక్స్ అనగానేమి?

మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాల పౌనఃపున్యంతో సరఫరా అవుతుంది. ఆదర్శవంతమైన స్థితిలో ఈ తరంగం నున్నగా, క్రమబద్ధంగా పైకి లేచి కిందికి దిగుతుంది. దీనినే సైన్ తరంగం అంటారు. దీనితో పాటు 50కి పూర్ణ గుణిజాలైన 100, 150, 250, 350 హెర్ట్జ్ వంటి పౌనఃపున్యాలు గల తరంగాలు కూడా కలిసినప్పుడు తరంగం గరుకుగా, వంకరగా మారుతుంది. ఇలా కలిసిన గుణిజ తరంగాలే హార్మోనిక్స్. తెలుగు భౌతికశాస్త్ర గ్రంథాలు వీటిని అనుస్వరాలుగా పేర్కొన్నాయి. 150 హెర్ట్జ్ తరంగాన్ని మూడవ అనుస్వరమని, 250 హెర్ట్జ్ తరంగాన్ని అయిదవ అనుస్వరమని అంటారు.

ఈ పదం సంగీతం నుంచి వచ్చింది. తంబురా తీగను మీటినప్పుడు మూల స్వరంతో పాటు దాని గుణిజ స్వరాలు కూడా పలుకుతాయి. తంబురాలో వాటి వలననే నాదానికి నిండుదనం వస్తుంది. విద్యుత్తులో మాత్రం అవే వేడిగా, కంపనంగా, వృథాగా పరిణమిస్తాయి. ఎంత వంకరగా ఉన్నా, క్రమంగా పునరావృతమయ్యే తరంగాన్ని సైన్ తరంగాల మొత్తంగా విడదీయవచ్చునని ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫూరియే 1807లో ప్రతిపాదించి, 1822లో వెలువరించిన ఉష్ణ సిద్ధాంత గ్రంథంలో విస్తరించి చెప్పారు. నేటి పవర్ క్వాలిటీ కొలత పరికరాలన్నీ ఈ సూత్రం మీదనే పనిచేస్తున్నాయి.

విద్యుత్ సరఫరాలో హార్మోనిక్స్ కొత్త సమస్య కాదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో 1893లో ఒక మోటారు అధికంగా వేడెక్కడానికి కారణం అన్వేషించిన ఇంజనీర్లు తరంగాన్ని విశ్లేషించి, సరఫరా లైనులో అనుస్వరాల అనునాదం ఏర్పడినదని గుర్తించారు. నూట ముప్పై ఏళ్ళ కిందట ఒక మోటారు వేడి నుంచి మొదలైన ఈ పరిశోధన నేటికీ మోటారు వేడి చుట్టూనే తిరుగుతుండడం గమనార్హం.

ఇవి ఎక్కడి నుంచి పుడుతున్నాయి?

హార్మోనిక్స్ జనించే చోట్లు స్థూలంగా మూడు.

మొదటిది విద్యుత్ యంత్రాలు. మోటారు స్టేటర్‌లోని వైండింగు కొన్ని స్లాట్లలో మాత్రమే అమరి ఉంటుంది. అందువల్ల లోపలి అయస్కాంత క్షేత్రం పూర్తిగా నున్నగా ఉండదు. మెట్లు మెట్లుగా ఉన్న ఆ క్షేత్రంలో అయిదవ, ఏడవ అనుస్వరాలు ఇమిడి ఉంటాయి. ఏడవ అనుస్వరం బలంగా ఉన్న మోటారు కొన్నిసార్లు పూర్తి వేగం అందుకోలేక, దానిలో ఏడవ వంతు వేగం దగ్గరే పాకుతూ ఉండిపోతుంది. దీనిని తగ్గించడానికే తయారీదారులు కాయిల్ పిచ్‌ను కొంత కుదించడం, రోటరు కడ్డీలను ఏటవాలుగా అమర్చడం వంటి పద్ధతులు పాటిస్తారు. కాలిన మోటారుకు తిరిగి వైండింగు చేసేటప్పుడు చుట్ల సంఖ్య, తీగ మందం, కాయిల్ పిచ్‌లను తయారీదారు నిర్ణయించినట్లుగానే ఉంచవలసిన అవసరం ఇందువల్లనే ఏర్పడింది. ట్రాన్స్‌ఫార్మర్‌కు తగినదానికన్నా ఎక్కువ వోల్టేజి అందినప్పుడు దాని ఇనుప కోర్ సంతృప్తమై మూడవ అనుస్వరాన్ని పుట్టిస్తుంది.

రెండవది పవర్ ఎలక్ట్రానిక్స్. ఎల్ఈడీ దీపాలు, టెలివిజన్లు, కంప్యూటర్లు, మొబైల్ చార్జర్లు, యూపీఎస్‌లు, వేగ నియంత్రణ డ్రైవ్‌లు, సౌర ఇన్వర్టర్లు ఈ కోవకు చెందినవి. ఇవి విద్యుత్తును నిరంతరంగా కాక తునకలు తునకలుగా స్వీకరిస్తాయి లేదా పంపుతాయి. మూడు ఫేజుల డ్రైవ్‌లలో విరివిగా వాడే ఆరు డయోడ్ల రెక్టిఫయర్ 5, 7, 11, 13 అనుస్వరాలను వెలువరిస్తుంది. సిద్ధాంత రీత్యా వీటి పరిమాణం మూల ప్రవాహంలో వరుసగా 20, 14, 9, 8 శాతం వరకు ఉంటుంది. ఫిల్టరు లేని చౌక పరికరాలలో ఇంతకన్నా ఎక్కువ కూడా ఉండవచ్చు.

మూడవది విద్యుత్ ఆర్క్. ట్రాక్టరు ట్రెయిలర్లు, కిటికీ గ్రిల్స్ తయారుచేసే వెల్డింగ్ షాపులలో కనిపించే మెరుపు వాస్తవానికి ప్లాస్మాయే. వాయువు అత్యధిక ఉష్ణోగ్రతకు చేరి, పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడివడిన స్థితిని ప్లాస్మా అంటారు. పాత ట్యూబ్‌లైట్లలో వెలుగునిచ్చినది కూడా పాదరస ఆవిరి ప్లాస్మాయే. ప్లాస్మాలో వోల్టేజి, ప్రవాహం సరళ నిష్పత్తిలో ఉండవు. ప్రవాహం పెరిగితే వోల్టేజి తగ్గడం కూడా జరుగుతుంది. ఈ స్వభావమే అనుస్వరాలకు మూలం.

మోటారుకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు వాటిల్లే నష్టం

మూడు ఫేజుల మోటారులో అయిదవ అనుస్వరానికి ఒక విచిత్ర లక్షణమున్నది. మూల తరంగం మోటారును ముందుకు తిప్పుతుంటే, ఇది వెనుకకు తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది. సబ్‌మెర్సిబుల్ మోటార్లలో ఎక్కువగా కనిపించే రెండు పోల్స్ మోటారులో మూల క్షేత్రం నిమిషానికి 3,000 చుట్లు ముందుకు తిరిగితే, అయిదవ అనుస్వర క్షేత్రం 15,000 చుట్లు వెనుకకు తిరుగుతుంది. ఏడవది ముందుకే తిరిగినా, అది మోసే బరువు ఏమీ ఉండదు. ఈ రెండింటి ప్రభావం రోటరు మీద వేడిగా, కంపనంగా వ్యక్తమవుతుంది. మోటారు చేసే పని పెరగదు, ఆయుష్షు మాత్రం తరుగుతుంది. వైండింగు ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల సెంటిగ్రేడు పెరిగితే ఇన్సులేషన్ ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుందన్నది ఇంజనీర్లు చాలాకాలంగా పాటిస్తున్న స్థూల సూత్రం.

ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో నష్టం మరో రకంగా ఉంటుంది. వైండింగులో సుడి ప్రవాహాల వలన కలిగే నష్టం పౌనఃపున్యపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. అనగా అదే పరిమాణం గల అయిదవ అనుస్వర ప్రవాహం మూల ప్రవాహంకన్నా 25 రెట్లు, ఏడవది 49 రెట్లు ఎక్కువ సుడి నష్టం కలిగిస్తుంది. లోడు పరిమితి మించకపోయినా ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కడానికి ఇది ఒక కారణం కాగలదు.

పట్టణాలలోని దుకాణ సముదాయాలలో, కార్యాలయాలలో న్యూట్రల్ తీగ మీద భారం ప్రత్యేకంగా గమనించదగినది. మూడు ఫేజుల మీద లోడు సమానంగా ఉంటే న్యూట్రల్‌లో ప్రవాహం ఉండదన్నది పాఠ్యపుస్తకాలలోని సూత్రం. అయితే మూడవ అనుస్వరానికి ఇది వర్తించదు. మూడు ఫేజులలోని మూడవ అనుస్వరాలు ఒకదానినొకటి రద్దు చేసుకోక, న్యూట్రల్‌లో కూడిక అవుతాయి. ఒక్కొక్క ఫేజులో 100 ఆంపియర్ల మూల ప్రవాహంతో పాటు 30 ఆంపియర్ల మూడవ అనుస్వరం ఉంటే, లోడు సమానంగా ఉన్నప్పటికీ న్యూట్రల్‌లో 90 ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఫేజు తీగకన్నా సన్నని న్యూట్రల్ తీగ వాడిన చోట అది వేడెక్కి తెగిపోయే ప్రమాదమున్నది. న్యూట్రల్ తెగితే ఒక ఫేజు మీది ఇళ్ళకు ఎక్కువ వోల్టేజి, మరొక ఫేజు మీది ఇళ్ళకు తక్కువ వోల్టేజి చేరి గృహోపకరణాలు దెబ్బతింటాయి.

కెపాసిటర్: మేలు చేసేదే, లెక్క తప్పితే ముప్పు

రాష్ట్రంలో 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ సరఫరా ప్రారంభమైంది. ఆ తరువాత ఈ సదుపాయానికి విద్యుత్ పొదుపు చర్యలను జోడించారు. ఐఎస్ఐ గుర్తు గల మోటారు, ఘర్షణ తక్కువగా ఉండే ఫుట్‌వాల్వు, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపులు, తగిన సామర్థ్యం గల కెపాసిటర్ అనేవి ఆ నాలుగు చర్యలు. మోటారుకు కెపాసిటర్ బిగిస్తే పవర్ ఫ్యాక్టర్ మెరుగుపడి, లైను మీద ప్రవాహం తగ్గి, చివరి రైతుకు కూడా వోల్టేజి బాగుంటుంది. ఇందులో సందేహానికి తావు లేదు.

కెపాసిటర్‌కు ఉన్న మరొక స్వభావాన్ని కూడా దృష్టిలో ఉంచుకోవలసి ఉన్నది. ట్రాన్స్‌ఫార్మర్‌లోని ప్రేరకత్వం, కెపాసిటర్‌లోని ధారిత కలిసి ఒకానొక పౌనఃపున్యం వద్ద అనునాదం చెందుతాయి. ఊయలను సరైన సమయంలో కొద్దిగా నెట్టినా అది పెద్దగా ఊగినట్లే, ఆ పౌనఃపున్యానికి దగ్గరగా ఉన్న అనుస్వరం చిన్నదైనా అనేక రెట్లు పెరుగుతుంది.

దీనిని ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు. హెచ్‌వీడీఎస్ విధానంలో వాడే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్స్ 4.5 శాతం అనుకుంటే, దాని షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం సుమారు 555 కేవీఏ. దీని మీద 5 హెచ్‌పీ మోటార్లు అయిదు ఉన్నవి, ఒక్కొక్కదానికి 2 కేవీఏఆర్ కెపాసిటర్ ఉన్నది అనుకుందాం. షార్ట్ సర్క్యూట్ సామర్థ్యాన్ని కెపాసిటర్ల మొత్తంతో భాగించి వర్గమూలం తీస్తే, ఎన్నవ అనుస్వరం వద్ద అనునాదం ఏర్పడుతుందో స్థూలంగా తెలుస్తుంది. అయిదు మోటార్లూ నడుస్తుంటే ఫలితం 7.5. లైను ఇంపెడెన్స్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటే ఇది ఏడుకు ఇంకా దగ్గరవుతుంది. నాలుగు మోటార్లు నడిస్తే 8.3, మూడు నడిస్తే 9.6, రెండే నడిస్తే 11.8. ఏడవ, పదకొండవ అనుస్వరాలు రెండూ డ్రైవ్‌ల నుంచి వెలువడేవే. అంటే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద, అవే మోటార్లతో, రైతులు ఎన్ని మోటార్లు వేశారన్న దానిని బట్టి ఒక గంట క్షేమంగాను, మరొక గంట ప్రమాదకరంగాను ఉండవచ్చు. ఉదయం తనిఖీకి వచ్చిన సిబ్బందికి కనిపించని లోపం సాయంత్రం మోటారును కాల్చగలదు. నడుస్తున్న మోటార్ల ప్రేరకత్వం వలన ఈ అంకెలు కొంత మారినా, ఒక్కొక్క మోటారు చేరినప్పుడల్లా అనునాద బిందువు జరుగుతుందన్న సూత్రం మారదు.

కెపాసిటర్లు కూడా ఇందులో బలవుతాయి. సాధారణంగా కెపాసిటర్‌ను దాని నిర్ణీత ప్రవాహానికి 1.3 రెట్ల వరకు నిరంతరం భరించేలా తయారుచేస్తారు. ఏడవ అనుస్వర వోల్టేజి 5 శాతం ఉన్నప్పుడు కెపాసిటర్ మొత్తం ప్రవాహం 6 శాతమే పెరుగుతుంది. అది క్షేమమే. అనునాదం వలన అదే అనుస్వరం 12 శాతానికి చేరితే ప్రవాహం 1.3 రెట్ల హద్దును తాకుతుంది. కెపాసిటర్లు తరచుగా ఉబ్బిపోతున్న చోట నాణ్యత లోపమని భావించి మళ్ళీ అవే బిగించడంకన్నా, ముందుగా తరంగాన్ని పరిశీలించడం మేలు.

లోతైన బోరు, పొడవైన కేబులు

ఈ ప్రాంతంలో వెయ్యి అడుగుల లోతున్న బోర్లు అరుదు కాదు. అంత లోతులోని మోటారును డ్రైవ్ ద్వారా గాని, సౌర పంపు నియంత్రకం ద్వారా గాని నడిపినప్పుడు మరొక విషయం పరిశీలించవలసి ఉంటుంది. డ్రైవ్ తన వోల్టేజిని అతి వేగంగా మారే స్పందనల రూపంలో పంపుతుంది. పొడవైన కేబులులో ఈ స్పందనలు మోటారు చివర తగిలి ప్రతిఫలిస్తాయి. గోడకు తగిలిన అల వెనుకకు మళ్ళి ఎదురు అలతో కలిసి ఎత్తు పెరిగినట్లే, మోటారు కొసల వద్ద వోల్టేజి దాదాపు రెట్టింపు కావచ్చు. 415 వోల్టుల సరఫరాకు అనుసంధానమైన డ్రైవ్‌లో డీసీ వోల్టేజి సుమారు 587 వోల్టులు. రెట్టింపయితే మోటారు ఇన్సులేషన్ మీద దాదాపు 1,170 వోల్టుల ఒత్తిడి పడుతుంది. నేటి వేగవంతమైన స్విచ్‌లతో ఈ ప్రభావం పది, పదిహేను మీటర్ల కేబులుతోనే మొదలుకాగలదు. 300 మీటర్ల కేబులుకు తగిన ఫిల్టరు అమర్చడం, డ్రైవ్‌తో పనిచేసేందుకు అనువైన ఇన్సులేషన్ గల మోటారును ఎంచుకోవడం తప్పనిసరి. 2019లో ప్రారంభమైన పీఎం కుసుమ్ పథకం వంటి వాటి ద్వారా సౌర పంపులు అమర్చేటప్పుడు బోరు లోతును బట్టి ఈ అంశాన్ని సాంకేతిక వివరాలలో చేర్చడం రైతుకు రక్షణ కల్పిస్తుంది.

కుప్పంలో ఇంటింటా సౌర విద్యుత్తు: నెదర్లాండ్స్ పాఠం

ఇళ్ళ పైకప్పుల మీద సౌర ఫలకాలను ప్రోత్సహించే పీఎం సూర్యఘర్ పథకం 2024లో ప్రారంభమైంది. కుప్పం నియోజకవర్గంలోని నడిమూరు గ్రామాన్ని ప్రయోగాత్మకంగా ఎంపిక చేసి, 2025 జనవరిలో ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడు అక్కడ ఇంటింటా సౌర విద్యుత్ కార్యక్రమాన్ని ప్రారంభించారు. ఒకే గ్రామంలో, కొద్ది ట్రాన్స్‌ఫార్మర్ల కింద అనేక ఇన్వర్టర్లు కలిసి పనిచేయడం పరిశోధకులకు ఆసక్తికరమైన అంశం.

ఇటువంటి పరిస్థితిని నెదర్లాండ్స్ పరిశోధకులు ముందుగానే అధ్యయనం చేశారు. ఆమెర్స్‌ఫోర్ట్ నగర శివారులోని నీవ్‌లాండ్ కాలనీలో ఇళ్ళ మీద మొత్తం ఒక మెగావాటు స్థాయిలో సౌర ఫలకాలు అమర్చారు. అక్కడి అనుభవాన్ని పరిశీలించి యోహాన్ ఎన్‌స్లిన్, పీటర్ హెస్కెస్ 2004లో ప్రచురించిన పరిశోధనా పత్రం ఒక ముఖ్య విషయాన్ని వెల్లడించింది. ఒక్కొక్క ఇన్వర్టరు విడిగా నాణ్యతా ప్రమాణాలకు లోబడి ఉన్నప్పటికీ, అనేక ఇన్వర్టర్లలోని ఫిల్టర్ కెపాసిటర్లు కలిసి పంపిణీ వ్యవస్థతో అనునాదం చెంది, తరంగాన్ని పాడుచేయవచ్చు. కొన్ని సందర్భాలలో ఇన్వర్టర్లు అనవసరంగా ఆగిపోవచ్చు. ఇన్వర్టరు ఆగితే ఆ ఇంటివారికి సౌర విద్యుత్ ఆదాయం తగ్గుతుంది.

ఇది సౌర విద్యుత్తుకు వ్యతిరేకమైన వాదన కాదు. నాణ్యమైన ఇన్వర్టరు పూర్తి సామర్థ్యంతో పనిచేసేటప్పుడు వెలువరించే అనుస్వరాలు స్వల్పం. మబ్బు పట్టినప్పుడు వాటి శాతం పెరిగినట్లు కనిపించినా, మొత్తం ప్రవాహమే తక్కువ గనుక ప్రభావం తక్కువే. ఇన్వర్టర్లను ఒక్కొక్కటిగా పరీక్షించడంతో సరిపెట్టుకోక, ట్రాన్స్‌ఫార్మర్ వద్ద వాటి సమష్టి ప్రభావాన్ని కూడా కొలవాలన్నదే ఈ అనుభవం నేర్పే పాఠం. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ విద్యుత్ సహకార సంఘం ద్వారా విద్యుత్ పంపిణీ జరిగిన కొద్ది ప్రాంతాలలో కుప్పం ఒకటి. గ్రామస్థాయిలో విద్యుత్ నిర్వహణ అనుభవమున్న ఈ ప్రాంతం ఇటువంటి కొలతలకు కూడా ముందు నిలువగలదు.

దీనితో పాటు, శ్రీశైలం నుంచి ఎత్తిపోతల ద్వారా తరలివచ్చే హంద్రీ-నీవా సుజల స్రవంతి జలాలు 2025 ఆగస్టులో కుప్పం ప్రాంతానికి చేరాయి. ఎత్తిపోతల కేంద్రాలలోని భారీ మోటార్లు, గ్రామాలలోని సబ్‌మెర్సిబుల్ మోటార్లు, ఇంటి కప్పు మీది ఇన్వర్టర్లు అన్నీ ఒకే విద్యుత్ వ్యవస్థలో భాగస్వాములు కావడం వలన తరంగ స్వచ్ఛత ప్రాముఖ్యం మరింత పెరిగింది.

ఆకాశంలోని ప్లాస్మా వరకు

హార్మోనిక్స్ ప్రభావం భూమి మీదనే ఆగిపోదు. భూమికి దాదాపు వంద కిలోమీటర్ల పైన ఐనోస్ఫియర్ అనే సహజ ప్లాస్మా పొర ఉన్నది. అయస్కాంత క్షేత్రంలో ఉన్న ప్లాస్మాలోని ఎలక్ట్రాన్లు, అయాన్లు ఒక నిర్ణీత పౌనఃపున్యంతో వలయాలు తిరుగుతాయి. ఆ పౌనఃపున్యపు గుణిజాలకు అనుబంధంగా ప్లాస్మాలో ప్రత్యేక తరంగాలు ఏర్పడతాయని ఐరా బెర్న్‌స్టీన్ 1958లో సిద్ధాంతీకరించారు. మోటారులోని అనుస్వరాలను, ప్లాస్మాలోని అనుస్వరాలను విశ్లేషించే గణితం ఒక్కటే.

ఇంకా ఆశ్చర్యకరమైన విషయం ఈ రెండింటి కలయిక. విద్యుత్ లైన్ల నుంచి వెలువడే అనుస్వరాలు అంతరిక్షంలోని ప్లాస్మాను చేరి, అక్కడి తరంగాల మీద ప్రభావం చూపుతున్నాయని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ హెలివెల్, ఆయన సహచరులు 1975లో ప్రకటించారు. 2004లో ప్రయోగించిన ఫ్రాన్స్ ఉపగ్రహం డెమెటర్ కూడా విద్యుత్ వ్యవస్థల అనుస్వరాలకు సరిపోయే 50, 100 హెర్ట్జ్ ఎడం గల రేఖలను అంతరిక్షంలో నమోదు చేసింది.

ప్లాస్మా తరంగాల పరిశోధనకు చిత్తూరు సీమ దేశంలోనే పేరెన్నికగన్నది. తిరుపతికి సమీపంలోని గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్‌తో ఐనోస్ఫియర్‌ను పరిశీలిస్తున్నది. ఈ రాడార్ తరంగదైర్ఘ్యం సుమారు 5.7 మీటర్లు. దానిలో సగమైన సుమారు 2.8 మీటర్ల ప్రమాణం గల ప్లాస్మా అలజడుల నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వనులను ఇది గ్రహిస్తుంది. ఈ అలజడులు రేడియో ప్రసారాలను, ఉపగ్రహ సంకేతాలను ప్రభావితం చేస్తాయి గనుక ఈ పరిశోధనకు ఆచరణాత్మక ప్రయోజనం కూడా ఉన్నది.

ప్రమాణాలు ఏమి చెబుతున్నాయి?

గ్రిడ్ అనుసంధానానికి సంబంధించి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2007లో జారీచేసిన సాంకేతిక ప్రమాణాల నిబంధనలు, అనుసంధాన స్థానం వద్ద మొత్తం వోల్టేజి వక్రత 5 శాతానికి, ఏ ఒక్క అనుస్వరమైనా 3 శాతానికి మించరాదని పేర్కొన్నాయి. 33 కేవీకి దిగువన అనుసంధానమయ్యే సౌర విద్యుత్ వంటి వనరులకు 2013లో ప్రత్యేక నిబంధనలు వెలువడినవి. ఇవి అనుస్వరాల పరిమితికి అంతర్జాతీయంగా పాటిస్తున్న ఐఈఈఈ 519 ప్రమాణాన్ని ఆధారంగా తీసుకున్నాయి. 2014లోను, 2022లోను సవరించిన ఈ ప్రమాణం ప్రకారం ఒక కిలోవోల్టు లోపు వ్యవస్థలలో మొత్తం వోల్టేజి వక్రత 8 శాతం, ఏ ఒక్క అనుస్వరమైనా 5 శాతం దాటరాదు. ఒక్క క్షణపు కొలతతో కాక, వారం రోజుల నమోదులో 95 శాతం కాలానికి ఈ హద్దులు వర్తిస్తాయి.

చేపట్టదగిన చర్యలు

మోటార్లు లేదా కెపాసిటర్లు పదేపదే చెడిపోతున్న ట్రాన్స్‌ఫార్మర్లను గుర్తించి, ముందుగా అక్కడ వారం రోజులపాటు పవర్ క్వాలిటీ ఎనలైజర్‌తో నమోదు చేయడం మొదటి చర్య. నడుస్తున్న మోటార్ల సంఖ్యను కూడా గంటల వారీగా రాసుకున్నప్పుడే అనునాదం ఎప్పుడు ఏర్పడుతున్నదో తెలుస్తుంది. వ్యవసాయ సరఫరా మొదలైన వెంటనే ఆటో స్టార్టర్ల ద్వారా మోటార్లన్నీ ఒక్కసారిగా కదిలే నిమిషాలు ఇందులో ముఖ్యమైనవి. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు అందిన తొలి క్షణాలలో రెండవ అనుస్వరం అధికంగా ఉంటుంది.

ఎనలైజర్ అందుబాటులో లేని చోట ట్రూ ఆర్ఎంఎస్ రకం టాంగ్ టెస్టర్‌తో ప్రాథమిక పరిశీలన చేయవచ్చు. 415 వోల్టుల వద్ద 2 కేవీఏఆర్ మూడు ఫేజుల కెపాసిటర్ ఒక్కొక్క ఫేజులో సుమారు 2.8 ఆంపియర్లు తీసుకోవాలి. వోల్టేజి సరిగానే ఉండి ఇది 3.6 ఆంపియర్లు దాటితే హార్మోనిక్స్ ఉన్నట్లు అనుమానించాలి. చాలా తక్కువగా ఉంటే కెపాసిటర్ చెడిపోయినట్లు భావించాలి. సాధారణ టాంగ్ టెస్టర్ వంకర తరంగాన్ని సరిగా చదవలేదు గనుక, ఈ పనికి ట్రూ ఆర్ఎంఎస్ రకాన్నే వాడవలసి ఉంటుంది.

సమస్య నిర్ధారణ అయిన చోట పరిష్కారాలు అందుబాటులోనే ఉన్నాయి. సబ్‌స్టేషన్లలో, పరిశ్రమలలో కెపాసిటర్లకు శ్రేణిలో 7 శాతం రియాక్టర్ చేర్చితే అనునాదం 189 హెర్ట్జ్‌కు దిగి, అయిదవ అనుస్వరానికి దూరంగా నిలుస్తుంది. డ్రైవ్‌లకు లైన్ చోక్ అమర్చడం, పెద్ద పరిశ్రమలలో యాక్టివ్ ఫిల్టర్లు వాడడం, గ్రానైట్ కోత, పాలిషింగ్ వంటి యూనిట్లకు వ్యవసాయ లోడుతో కలపకుండా విడి ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వడం ఇతర మార్గాలు. వాణిజ్య సముదాయాలలో న్యూట్రల్ తీగను ఫేజు తీగకు తక్కువ కాకుండా వేయడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ గల చర్య.

ఈ కొలతలు విద్యాసంస్థలకు కూడా ఉపయుక్తం. మదనపల్లె సమీపంలోని అంగళ్ళులో 1998లో ప్రారంభమైన మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్, కుప్పంలోని ఇంజనీరింగ్ కళాశాల, అనంతపురంలోని జేఎన్‌టీయూ, తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల, 2015లో ఏర్పడిన తిరుపతి ఐఐటీ ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్నాయి. తిరుపతి కేంద్రంగా పనిచేస్తున్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బందితో కలిసి విద్యార్థులు తమ ప్రాజెక్టు పనిగా ఒక్కొక్క ఫీడరును అధ్యయనం చేస్తే, పాఠం పొలం వద్దకు చేరుతుంది, పొలం సమస్య ప్రయోగశాలకు చేరుతుంది.

మోటారు కాలిపోయిన వార్తను నివేదించే పాత్రికేయులు వోల్టేజి ఎంత ఉన్నదని అడగడంతో పాటు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ వద్ద తరంగ వక్రతను ఎప్పుడు కొలిచారు, దాని కింద ఎన్ని కెపాసిటర్లు, ఎన్ని ఇన్వర్టర్లు, ఎన్ని డ్రైవ్‌లు ఉన్నాయి అని కూడా అడగడం సముచితం. తనిఖీ నివేదికలో లో వోల్టేజి అని రాసే ముందు అధికారులు కూడా అవే ప్రశ్నలు వేసుకోవలసి ఉన్నది. కెపాసిటర్, సౌర ఫలకం, డ్రైవ్ మూడూ రైతుకు మేలు చేసే పరికరాలే. అవి ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద చేరినప్పుడు ఒకదాని మేలును మరొకటి చెరపకుండా చూడడానికి వారం రోజుల కొలత సరిపోతుంది. కాలిన మోటారును బోరు నుంచి పైకి తీసి, వైండింగు చేయించి, మళ్ళీ దించేందుకు రైతు భరించే ఖర్చుతోను, ఈ లోగా ఎండిపోయే పంటతోను పోల్చితే ఆ కొలతకయ్యే వ్యయం అతి స్వల్పం.